నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగం

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనగా కంప్యూటరు చేయవలసిన పనిని ప్రోగ్రాముగా రాసి, దానిని పరీక్షించి, అది వాడుకలో ఉన్నంత కాలం బాగోగులు చూచే ఉద్యోగి. ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల పట్టణం నుండి, అక్కడికి సుమారు 40 కి.మీ. దూరంలో కడప వెళ్ళే దారిలో ఉన్న ఆళ్ళగడ్డ నుండి ప్రతి సంవత్సరం అనేకమంది విద్యార్థులు ఈ ఉద్యోగం కొరకు బయలుదేరుతారు. బయలుదేరుతారు అనడమే సరైన మాట. ఇంజనీరింగు కళాశాలలు నంద్యాలలో ఉన్నవి గాని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల కార్యాలయాలు ఇక్కడ లేవు. చదువు నంద్యాలలో, శిక్షణ అమీర్‌పేటలో, ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో జరుగుతుంది. ఈ దారిలో అత్యధికులు ఆగిపోయే చోటు ఇంటర్వ్యూ. కళాశాల పరీక్షలలో అడిగేదానికి, ఇంటర్వ్యూలో అడిగేదానికి మధ్య ఉన్న దూరమే ఇందుకు ముఖ్య కారణం.

నేపథ్యం

"సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు" అనే మాట 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సుతో ప్రచారంలోకి వచ్చింది. మన దేశంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టి.సి.ఎస్.) అదే సంవత్సరం మొదలయినది. ఇన్ఫోసిస్ 1981లోను, హైదరాబాదు కేంద్రంగా సత్యం కంప్యూటర్స్ 1987లోను స్థాపించబడ్డాయి.

ఈ పరిశ్రమ పెరుగుదలకు దారి తీసిన 1991 ఆర్థిక సంస్కరణలతో నంద్యాలకు ఒక సంబంధం ఉన్నది. సంస్కరణలు ప్రారంభించిన ప్రధానమంత్రి పి.వి.నరసింహారావు అప్పటికి పార్లమెంటు సభ్యుడు కాదు. ఆళ్ళగడ్డ ప్రాంతానికి చెందిన గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల లోక్‌సభ స్థానానికి రాజీనామా చేయగా, 1991 నవంబరులో జరిగిన ఉప ఎన్నికలో పి.వి. ఇక్కడి నుండే భారీ ఆధిక్యతతో గెలిచాడు. సాఫ్ట్‌వేర్ ఎగుమతులకు తోడ్పడే సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడినది కూడా 1991లోనే. అయితే ఆ ఫలితాలు నంద్యాలకు పరిశ్రమ రూపంలో రాలేదు, వలస రూపంలో వచ్చాయి.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించాడు. సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసుకున్న పాత ప్రోగ్రాములను 2000 సంవత్సరం రాకముందే సరిదిద్దవలసిన అవసరం అదే సమయంలో ముంచుకు వచ్చింది. ఆ పని కొరకు వేలాది తెలుగువారు అమెరికా వెళ్ళారు. కుందూ నది ఒడ్డున, కె.సి.కాలువ కింద వరి, పత్తి పండించే కుటుంబాలలో "కంప్యూటరు చదువు" అనే మాట వినపడడం ఆ రోజులలోనే మొదలయినది.

కళాశాలలు

నంద్యాలలో రాజీవ్ గాంధీ మెమోరియల్ ఇంజనీరింగు కళాశాల 1995లో ప్రారంభమయినది. శాంతిరాం ఇంజనీరింగు కళాశాల 2007లో వచ్చింది. ఎస్.వి.ఆర్. ఇంజనీరింగు కళాశాల, ఇ.ఎస్.సి. ప్రభుత్వ పాలిటెక్నిక్ కూడా పట్టణ పరిసరాలలో ఉన్నవి. పాలిటెక్నిక్ పూర్తి చేసినవారు ఈసెట్ రాసి బి.టెక్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. ఆళ్ళగడ్డ విద్యార్థులలో కొందరు నంద్యాలకు, కొందరు ప్రొద్దుటూరు, కడప, కర్నూలు కళాశాలలకు వెళ్తారు. ఆళ్ళగడ్డకు రైలు మార్గం లేదు. 2016లో ప్రారంభమైన నంద్యాల - ఎర్రగుంట్ల మార్గం కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోతుంది. కనుక ఆళ్ళగడ్డవారికి బస్సే ఆధారం.

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2007-08 నుండి బోధన రుసుము తిరిగి చెల్లింపు పథకాన్ని విస్తరించడంతో వెనుకబడిన తరగతుల, పేద కుటుంబాల పిల్లలకు ఇంజనీరింగు చదువు అందుబాటులోకి వచ్చింది. ఇంటిలో మొదటిసారి కళాశాల మెట్లు ఎక్కినవారు వీరిలో ఎందరో. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలల సంఖ్య ఆరు వందలు దాటింది. సీట్లు పెరిగినంత వేగంగా అనుభవం గల అధ్యాపకులు పెరగలేదు. పట్టా చేతికి వచ్చినా ప్రోగ్రాము సొంతంగా రాయలేని పరిస్థితి అప్పటి నుండి చర్చలో ఉన్నది. ఆ లోటును పూడ్చడానికి ప్రభుత్వం కళాశాలలలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లను, రాష్ట్ర విభజన తరువాత నైపుణ్యాభివృద్ధి సంస్థను నెలకొల్పింది.

2008లో జె.ఎన్.టి.యు. విభజన జరిగి రాయలసీమ కళాశాలలు అనంతపురం విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. 2014లో రాష్ట్ర విభజనతో హైదరాబాదు పొరుగు రాష్ట్రపు రాజధాని అయినది. ఉద్యోగార్థుల ప్రయాణంలో మాత్రం మార్పు రాలేదు. నంద్యాల నుండి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల లోపు, బెంగళూరు నాలుగు వందల లోపు. సొంత రాష్ట్రంలో సాఫ్ట్‌వేర్ నగరంగా ఎదుగుతున్న విశాఖపట్నం ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరం.

నియామక విధానం

సంస్థలు కొత్తవారిని మూడు దారులలో తీసుకుంటాయి. మొదటిది కళాశాలకే వచ్చి జరిపే ప్రాంగణ నియామకం. రెండవది పలు కళాశాలల విద్యార్థులను ఒకచోట పిలిచి జరిపేది. మూడవది ఎవరైనా రాయగల ఆన్‌లైన్ అర్హత పరీక్ష. టి.సి.ఎస్. 2018లో ప్రవేశపెట్టిన జాతీయ అర్హత పరీక్ష ఈ చివరి కోవకు చెందినది. పెద్ద నగరాల కళాశాలలకు మాత్రమే వచ్చే సంస్థల తలుపు చిన్న పట్టణాల విద్యార్థులకు కొంతవరకైనా తెరుచుకున్నది ఇటువంటి పరీక్షల వల్లనే.

పదవ తరగతి, ఇంటర్మీడియట్, బి.టెక్ మూడింటిలోను 60 శాతం మార్కులు ఉండాలనే నియమం చాలా సంస్థలలో కనిపిస్తుంది. తప్పిన సబ్జెక్టు ఏదీ మిగిలి ఉండరాదు. పదవ తరగతిలో, అంటే పదిహేనేళ్ళ వయసులో, తగ్గిన మార్కులు ఆరేళ్ళ తరువాత అడ్డు రావడం ఈ నియమంలోని లోపం. ఇది తెలియక చివరి సంవత్సరంలో నిరాశ పడేవారు ప్రతి కళాశాలలోను ఉంటారు.

అర్హత దాటినవారికి గణిత, తర్క, ఆంగ్ల పరీక్ష, ప్రోగ్రాము రాసే పరీక్ష, ఆ తరువాత సాంకేతిక ఇంటర్వ్యూ, చివర మానవ వనరుల విభాగపు ఇంటర్వ్యూ జరుగుతాయి. 2000వ దశకంలో తప్పనిసరిగా ఉండిన బృంద చర్చ ఇప్పుడు తగ్గిపోయింది.

సాంకేతిక ఇంటర్వ్యూ

సాంకేతిక ఇంటర్వ్యూలో అడిగేది జవాబు ఒక్కటే కాదు, జవాబుకు చేరిన దారి. ఇది కళాశాల పరీక్షకు పూర్తిగా భిన్నమైనది. విశ్వవిద్యాలయ పరీక్షలో "లింక్డ్ లిస్టు అనగానేమి?" అనే ప్రశ్నకు నిర్వచనం రాస్తే మార్కులు వస్తాయి. ఇంటర్వ్యూలో నిర్వచనం చెప్పిన వెంటనే "ఇక్కడ అర్రే సరిపోదా? ఎందుకు సరిపోదు?" అని అడుగుతారు.

తరచుగా వాడే ఒక ప్రశ్నను ఉదాహరణగా తీసుకోవచ్చు. 1 నుండి 100 వరకు సంఖ్యలలో ఒకటి తప్పిపోయింది, మిగిలిన 99 సంఖ్యలు వరుస లేకుండా ఇచ్చారు, తప్పిపోయినది ఏది? తోచిన మొదటి పద్ధతి ఒక్కొక్క సంఖ్యను తీసుకొని అది జాబితాలో ఉన్నదో లేదో వెతకడం. దీనికి వేలాది పోలికలు అవసరమవుతాయి. రెండవ పద్ధతిలో వంద గళ్ళు పెట్టుకొని, కనిపించిన సంఖ్య గడిలో గుర్తు వేస్తూ పోతారు. జాబితాను ఒక్కసారి చదివితే సరిపోతుంది గాని అదనపు జాగా కావాలి. మూడవ పద్ధతిలో 1 నుండి 100 వరకు మొత్తం 5050 అని తెలుసు కనుక, ఇచ్చిన సంఖ్యలను కూడి 5050 నుండి తీసివేస్తే తప్పిపోయినది వస్తుంది. అదనపు జాగా కూడా అక్కరలేదు.

ఇంతటితో ప్రశ్న ముగియదు. "రెండు సంఖ్యలు తప్పిపోతే?" అని అడుగుతారు. అప్పుడు మొత్తం ఒక్కటే చాలదు, వర్గాల మొత్తం కూడా కావాలి. 1 నుండి 100 వరకు వర్గాల మొత్తం 3,38,350. మొదటి తేడా 30, వర్గాల తేడా 500 వచ్చినదనుకుంటే తప్పిపోయినవి 10, 20 అని లెక్క తేలుతుంది. ఇది ఇంటర్మీడియట్ గణితమే. సంఖ్యలు వందకు బదులు కోట్లలో ఉంటే ఆ మొత్తం కంప్యూటరు దాచుకోగల పరిమితిని దాటదా అనేది తరువాతి ప్రశ్న కావచ్చు. అభ్యర్థి మొదటి పద్ధతి నుండి మూడవ పద్ధతికి గట్టిగా ఆలోచిస్తూ, ఆ ఆలోచనను పైకి చెబుతూ రావడమే పరీక్షకుడు చూసే విషయం. జవాబు ముందే కంఠస్థం చేసి ఒక్కసారిగా అప్పజెప్పిన అభ్యర్థి తరువాతి ప్రశ్న దగ్గర దొరికిపోతాడు.

పద్ధతుల వేగాన్ని పోల్చే కొలతను టైం కాంప్లెక్సిటీ అంటారు. నిఘంటువులో ఒక పదం వెతికేటప్పుడు ఎవరూ మొదటి పుట నుండి చదవరు. మధ్యకు తెరిచి, కావలసిన పదం ముందున్నదో వెనుకనున్నదో చూసి, ఆ సగంలోనే మళ్ళీ వెతుకుతారు. ఇదే బైనరీ సెర్చ్. వెయ్యి పదాలకు పది పోలికలు, పది లక్షల పదాలకు ఇరవై పోలికలు సరిపోతాయి. జాబితా వెయ్యి రెట్లు పెరిగినా పని రెట్టింపు మాత్రమే అయినది. అయితే జాబితా అక్షర క్రమంలో లేకపోతే ఈ పద్ధతి పనికిరాదు. ఆ షరతు చెప్పడం మరచిపోవడం అభ్యర్థులలో సర్వసాధారణమైన పొరపాటు.

వీటితో పాటు స్టాక్, క్యూ, ట్రీ, హాష్ టేబుల్ వంటి నిర్మాణాలు, ఆబ్జెక్టు ఆధారిత ప్రోగ్రామింగు, డేటాబేసు ప్రశ్నలు వస్తాయి. ఉద్యోగుల పట్టిక ఇచ్చి రెండవ అత్యధిక జీతం ఎవరిదో రాబట్టమనడం డేటాబేసు ప్రశ్నలలో పాతదే అయినా ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఇద్దరికి ఒకే అత్యధిక జీతం ఉంటే ఏమి చేయాలో ఆలోచించినవారే దీనికి సరైన జవాబు చెప్పగలరు. చివరి సంవత్సరపు ప్రాజెక్టు గురించి తప్పక అడుగుతారు. హైదరాబాదులో డబ్బు ఇచ్చి కొనుక్కున్న ప్రాజెక్టును తనదిగా చూపినవారు రెండు ప్రశ్నలకు మించి నిలబడడం కష్టం. విద్యార్థి హాజరు పట్టిక వంటి చిన్న ప్రోగ్రామైనా సొంతంగా రాసినది ఎక్కువ పనికి వస్తుంది.

బావికి ఎన్ని మెట్లు, బస్సులో ఎన్ని బంతులు పడతాయి వంటి పొడుపు ప్రశ్నలు ఒకప్పుడు పెద్ద సంస్థల ఇంటర్వ్యూలలో గొప్పగా చెప్పుకొనేవారు. వాటి వల్ల అభ్యర్థి పనితనం తెలియదని గూగుల్ సంస్థ మానవ వనరుల విభాగాధిపతి 2013లో ఒప్పుకున్నాడు. ఆళ్ళగడ్డ శిల్పులకు భౌగోళిక గుర్తింపు తెచ్చిన రాతి పనిలో ఇటువంటి చిక్కు లేదు. అక్కడ పని ఇచ్చేవారు శిల్పిని ప్రశ్నలు అడగరు, అతను చెక్కిన విగ్రహాన్ని చూస్తారు. సాఫ్ట్‌వేరులో గంటసేపటి సంభాషణతో కొన్నేళ్ళ పనితనాన్ని అంచనా కట్టవలసి రావడం వలన ఇంటర్వ్యూ ఎంత జాగ్రత్తగా జరిపినా కొంత అదృష్టం మిగిలే ఉంటుంది. ఒకటి రెండుచోట్ల తిరస్కరించబడినంత మాత్రాన చదువు రాలేదని అర్థం కాదు.

భాష సమస్య

పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారికి సాంకేతిక ప్రశ్నల కంటె ఆంగ్లంలో మాట్లాడడం పెద్ద అడ్డంకి. విషయం తెలిసి కూడా చెప్పలేకపోవడం వీరి అనుభవం. దీనికి విరుగుడుగా చాలామంది స్వపరిచయాన్ని కంఠస్థం చేస్తారు. అందరూ ఒకే శిక్షణ కేంద్రంలో నేర్చుకొన్న అవే వాక్యాలు కావడంతో పరీక్షకులు వెంటనే గుర్తు పడతారు. చిన్న చిన్న వాక్యాలలో, వ్యాకరణ దోషాలున్నా సొంత మాటలలో చెప్పినవారికే ఎక్కువ ఫలితం ఉంటుంది. ప్రశ్న అర్థం కానప్పుడు మళ్ళీ అడగడం తప్పు కాదు. పెద్దలను, అధ్యాపకులను ఎదురు ప్రశ్న వేయకూడదనే అలవాటులో పెరిగిన పల్లె విద్యార్థులు ఇక్కడే వెనుకబడతారు.

అమీర్‌పేట, బెంగళూరు శిక్షణ

ప్రాంగణ నియామకంలో ఎంపిక కానివారు హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలకు, లేదా బెంగళూరులోని మారతహళ్ళి, బి.టి.ఎం. లేఅవుట్ ప్రాంతాలకు చేరుతారు. జావా, పైథాన్, టెస్టింగు, క్లౌడ్ వంటి కోర్సులు ఇక్కడ కొన్ని నెలలలో నేర్పుతారు. ఒక గదిలో ముగ్గురు నలుగురు ఉండే వసతి గృహాలు, ఇంటి నుండి నెలనెలా వచ్చే డబ్బు, తెలిసినవారి ద్వారా తమ రెజ్యూమెను లోపలికి పంపించుకొనే ప్రయత్నాలు ఈ జీవితంలో భాగం. ముందుగా ఉద్యోగం వచ్చిన నంద్యాల వాళ్ళు తరువాత వచ్చేవారికి గది, తిండి, సిఫారసు చూపడం సాధారణం. వలసలో ఏర్పడిన ఈ ఇచ్చిపుచ్చుకోలు ఏ కళాశాల ప్రకటనలోను కనిపించదు గాని నిజంగా ఉద్యోగాలు ఇప్పించినది ఎక్కువగా ఇదే.

ఇంటిలో పొలం కౌలుకు ఇచ్చి, నగలు బ్యాంకులో పెట్టి పంపిన డబ్బు కరగుతున్న కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. మోసాలు జరిగేది ఈ సమయంలోనే. డబ్బు కట్టించుకొని "బ్యాక్‌డోర్" ఉద్యోగం ఇప్పిస్తామనేవారు, పని చేయని సంస్థలో మూడేళ్ళు చేసినట్లు అనుభవ పత్రం అమ్మేవారు ఉన్నారు. నిజమైన సంస్థ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి వద్ద డబ్బు తీసుకోదు. 2014లో భవిష్య నిధి ఖాతాలకు దేశమంతటా ఒకే సంఖ్య ఇచ్చే పద్ధతి వచ్చిన తరువాత, ఎవరు ఎప్పుడు ఎక్కడ పని చేసినదీ సంస్థలు సులభంగా సరిచూసుకోగలుగుతున్నాయి. దొంగ అనుభవం చేరిన ఆరు నెలలకు బయటపడినా ఉద్యోగం పోతుంది.

జీతం, ఒప్పందాలు

పెద్ద సేవా సంస్థలలో కొత్తవారి వార్షిక జీతం 2010 ప్రాంతంలో మూడు లక్షల రూపాయల పైచిలుకు ఉండేది. పదేళ్ళ తరువాత కూడా మూడున్నర లక్షల దరిదాపులలోనే ఉన్నది. ధరల పెరుగుదలతో పోలిస్తే ఇది తగ్గినట్లే. సొంత ఉత్పత్తులు తయారు చేసే సంస్థలలో జీతం దీనికి అనేక రెట్లు ఉంటుంది, ఇంటర్వ్యూ కూడా అంత కఠినంగా ఉంటుంది.

ఆఫర్ లేఖలో చూపే మొత్తం, చేతికి వచ్చే మొత్తం ఒకటి కావు. 3,60,000 అని ఉంటే నెలకు ముప్ఫై వేలు వస్తుందని ఇంటివారు లెక్క వేసుకుంటారు. అందులో సంస్థ కట్టే భవిష్య నిధి వాటా, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా, పనితీరును బట్టి ఇచ్చే భాగం కలిసి ఉంటాయి. ఉద్యోగి వాటా భవిష్య నిధి కూడా కోత పడుతుంది.

కొన్ని సంస్థలు ఒకటి రెండేళ్ళ లోపు మానివేస్తే ఇంత డబ్బు కట్టాలనే ఒప్పందం రాయించుకుంటాయి. విజయా బ్యాంకు కేసులో సుప్రీం కోర్టు 2025 మే నెలలో ఇటువంటి ఒప్పందం దానంతట అది చట్టవిరుద్ధం కాదని తీర్పు ఇచ్చింది. కనుక సంతకం చేసే ముందు చదవడం అవసరం. అసలు సర్టిఫికెట్లను సరిచూపించవచ్చు గాని అప్పగించి రావడం మంచిది కాదు.

ఉద్యోగ జీవితం

చేరిన తరువాత కొన్ని నెలల శిక్షణ ఉంటుంది. ఇన్ఫోసిస్ సంస్థ మైసూరులోని విశాలమైన ప్రాంగణంలో దీనిని ఇస్తుంది. శిక్షణ పరీక్షలలో తప్పినవారిని తొలగించే నియమం పలు సంస్థలలో కలదు. కాబట్టి ఆఫర్ లేఖ వచ్చిన రోజే ఊరిలో విందు చేయడం కొంచెం తొందరపాటు.

పనిలో కొత్త ప్రోగ్రాములు రాయడం తక్కువ, ఇతరులు రాసిన పాత ప్రోగ్రామును చదివి అర్థం చేసుకోవడం ఎక్కువ. ఉదయం చిన్న సమావేశం, తప్పులు సరిదిద్దడం, రాసినదానిని తోటివారికి చూపి ఆమోదం పొందడం దినచర్య. అమెరికా ఖాతాదారుల కొరకు రాత్రి పొద్దుపోయే దాకా పని చేయవలసి రావచ్చు. ప్రాజెక్టు లేనివారిని "బెంచ్" మీద ఉన్నారంటారు. జీతం వస్తుంది, కాని అది ఎక్కువ కాలం సాగితే ఉద్యోగానికి ముప్పు.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఉద్యోగులు ఇళ్ళకు చేరడంతో నంద్యాల, ఆళ్ళగడ్డలలో తొలిసారిగా పగలంతా సాఫ్ట్‌వేర్ పని జరిగింది. గది అద్దె మిగిలింది, తల్లిదండ్రుల వద్ద ఉండే వీలు కలిగింది. కరెంటు పోవడం, నెట్ ఆగడం ఇబ్బందులు. 2023 నాటికి ప్రధాన సంస్థలు మళ్ళీ కార్యాలయాలకు పిలిచాయి. శుక్రవారం రాత్రి బస్సులు తిరిగి నిండాయి.

మాంద్యాలు

ఈ ఉద్యోగానికి స్థిరత్వం ఉన్నదనే నమ్మకం పలుమార్లు దెబ్బ తిన్నది. 2001లో డాట్‌కాం పతనం, 2008లో అమెరికా ఆర్థిక సంక్షోభం, 2009 జనవరి 7న బయటపడిన సత్యం కుంభకోణం ఇందులో ముఖ్యమైనవి. 2022లో ఎంపికైన కొందరు ఆఫర్ లేఖ చేతిలో పెట్టుకొని రెండేళ్ళ దాకా వేచి ఉండవలసి వచ్చింది. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. 2025 జులైలో టి.సి.ఎస్. తన సిబ్బందిలో సుమారు 2 శాతం తగ్గిస్తామని తెలిపింది. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించింది.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, కొత్తవారికి ఇచ్చే చిన్న చిన్న పనులను యంత్రమే చేయగలుగుతున్నది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో దానిని చాటుగా వాడి జవాబులు చదివేవారు పెరగడంతో, కనీసం ఒక విడత ముఖాముఖిగా జరుపుతామని గూగుల్ 2025లో ప్రకటించింది. కోవిడ్ కాలం నుండి ఇంటివద్దనే ఇంటర్వ్యూ ఇవ్వగలిగిన చిన్న పట్టణాల అభ్యర్థులకు ఇటువంటి మార్పు వలన మళ్ళీ ప్రయాణ ఖర్చు పడుతుంది.

ఇతర ప్రవేశ మార్గాలు

బి.ఎస్సీ., బి.సి.ఎ. చదివినవారిని తీసుకొని, పని చేస్తూనే పై చదువు చదివించే పథకం విప్రో సంస్థలో ఉన్నది. ఇంటర్మీడియట్ తరువాత నేరుగా తీసుకొనే పథకాన్ని హెచ్.సి.ఎల్. నడుపుతున్నది. 2008లో ఏర్పడిన ఆర్.జి.యు.కె.టి. వారి ఇడుపులపాయ ప్రాంగణంలో పదవ తరగతి తరువాత చేరి ఆరేళ్ళలో బి.టెక్ పూర్తి చేయవచ్చు. కర్నూలు సమీపంలోని జగన్నాథగట్టు మీద 2015లో మొదలయిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రిపుల్ ఐటీ డి.ఎం. ఉన్నది. ఇందులో ప్రవేశానికి జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు కావాలి.